లీగ్ బోర్డు మీద షెడ్ వాళ్ళ బిళ్ళ

బోర్డులు రాసే పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు జంషెడ్‌పూర్ సీతారాండేరాలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఫోనులో తాము చేసిన బోర్డులు చూపించి, ఎలా ఉన్నాయని హిందీలో అడుగుతారు. తెలుగు పిల్లలైనా హిందీలోనే అడుగుతారు. బాగున్నాయంటాను. నిజంగా బాగానే ఉంటాయి కూడా, వాళ్ళ వయసులో మాకు అన్ని రంగులు దొరికేవి కావు. ఆ తర్వాత నేనొక ప్రశ్న వేస్తాను. దీన్ని ఎవరు చదువుతారు, ఎక్కడ నిలబడి చదువుతారు అని. చాలామంది నా మొహం వంక చూస్తారు. ఆ వయసులో నా దగ్గరా జవాబు ఉండేది కాదు కాబట్టి వాళ్ళ మీద నాకు కోపం రాదు. టీ ఇచ్చి కూర్చోబెట్టి లీగ్ బోర్డు సంగతి చెబుతాను. చెప్పిందే చెప్పి ఇంట్లో వాళ్ళ చెవులు చిల్లులు పడ్డాయి. అందుకని ఇప్పుడు రాసి పెడుతున్నాను.

జంషెడ్‌పూర్‌లో నేను చాలా బోర్డులు రాశాను. బట్టల దుకాణాలవి, మందుల దుకాణాలవి, ఆస్పత్రి గదులవి, కార్ఖానాలో తల మీద టోపీ పెట్టుకోమని చెప్పేవి. వాటిలో చాలావరకు నాకు గుర్తులేవు. నాకు పని నేర్పింది మాత్రం బిష్టుపూర్‌లో మైదానం గేటు పక్కన ఉండే ఫుట్‌బాల్ లీగ్ బోర్డు. ఏ జట్టు ఎన్ని ఆడింది, ఎన్ని పాయింట్లు తెచ్చుకుంది, ఎవరు పైన, ఎవరు కింద అని చెప్పే పట్టిక అది. డెబ్భైల చివరి నుంచి ఎనభైల నడిమి దాకా ప్రతి సీజన్లోనూ అది నా చేతుల మీదే నడిచింది. దాని మీద నాకున్న ప్రేమ మా ఆవిడకు కూడా తెలుసు. ఏమీ అనేది కాదు.

ఘోష్‌బాబు సైకిల్

నేను పని నేర్చుకున్నది ఘోష్‌బాబు దగ్గర. బిష్టుపూర్‌లో బోర్డుల దుకాణం ఆయనది. బెంగాలీ మనిషి, సన్నగా, ముక్కు మీద కోపంతో ఉండేవాడు. మధ్యాహ్నం చేపల కూర తిన్నాక మాత్రం గంటసేపు ఎవరినీ తిట్టేవాడు కాదు. మేము ఏదైనా తప్పు చేస్తే ఆ గంటలోనే వెళ్ళి చెప్పుకునేవాళ్ళం.

లీగ్ వాళ్ళు బోర్డు అడిగారని ఆ పని నాకిచ్చాడు. చేతిలో పనితనం ఉందని నాకు అప్పట్లో కాస్త పొగరు. అక్షరాలకు నీడ వేశాను. చుట్టూ లతలు గీశాను. పైన బంగారు రంగులో శీర్షిక, రెండు మూలలా రెండు బంతులు. జట్ల పేర్లు ఇంగ్లీషులో మెలికలు తిప్పి రాశాను. ఆరబెట్టి, గేటు పక్కన నిలబెట్టి, ఘోష్‌బాబుని పిలిచాను. ఆయన చూసి, చాలా అందంగా ఉందన్నాడు. అని, తన సైకిల్ తీసి నా చేతికిచ్చాడు.

"రెండింటికి పొద్దుటి షిఫ్టు వదులుతారు. వాళ్ళతో పాటు తొక్కుకుంటూ రా. బోర్డు చదువు. దిగకూడదు" అన్నాడు హిందీలో.

పొద్దుటి షిఫ్టు వదిలినప్పుడు ఆ రోడ్డు చూడాలి. సైరన్ మోగిన కాసేపటికి రోడ్డంతా సైకిళ్ళే. ముందువాడి చక్రం మన చక్రానికి తగలకుండా చూసుకోవడానికే కళ్ళు సరిపోవు. వాళ్ళ మధ్యలో పడి నేను మైదానం గేటు దాటాను. మెడ తిప్పి చూసేలోపు బోర్డు వెనక్కి పోయింది. చుట్టూ తిరిగి దుకాణానికి వచ్చాను.

"ఏం చదివావు?" అన్నాడు ఘోష్‌బాబు.

"ఫుట్‌బాల్ లీగ్ అని చదివాను."

"అది ఫుట్‌బాల్ లీగ్ అని వాళ్ళకి ముందే తెలుసు" అన్నాడు. ఇంకేం తిట్టలేదు. తిడితేనే నయంగా ఉండేది.

ఆ బోర్డు చెరిపేశాం. రెండోది తయారు చేయడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఎందుకంటే ఈసారి బ్రష్షు పట్టుకునే ముందు గేటు దగ్గర నిలబడి మనుషుల్ని చూశాను. బోర్డు పడమటికి తిరిగి ఉంటుంది. సాయంత్రం ఎండ నేరుగా పడితే తెల్లరంగు కళ్ళు జిగేలుమనిపిస్తుంది. పైగా మా ఊళ్ళో కార్ఖానా మసికి తెలుపు నెల తిరక్కుండానే బూడిదరంగుకి మారుతుంది. అందుకని ముదురు ఆకుపచ్చ మీద మీగడరంగు అంకెలు వేశాను. అంకెలన్నీ కుడివైపు అంచుకి సర్దాను, ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడేలా. అలా ఉంటే ఎవరికి ఎక్కువో అంకె చదవకుండానే తెలుస్తుంది. పాయింట్లు చిట్టచివరి గడిలో ఉండేవి. వాటిని తెచ్చి జట్టు పక్కనే పెట్టాను, మిగతా అంకెల కంటే రెట్టింపు పెద్దవి చేసి. సైకిల్ మీద పోయేవాడికి కావలసింది ఆ రెండే.

పేర్ల దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. బెంగాలీలు, బిహారీలు, ఒడియావాళ్ళు, పంజాబీలు, ఆదివాసీలు, మన తెలుగువాళ్ళు అందరూ ఆడేవాళ్ళే, చూసేవాళ్ళే. ఏ లిపిలో రాసినా సగం ఊరికి పరాయిది. ఏ లిపీ రానివాళ్ళు ఇంకెందరో. అప్పుడు తట్టింది, వాళ్ళు జట్టుని పేరుతో కాదు, చొక్కాతో గుర్తుపడతారని. ఒక్కో జట్టుకి ఒక రేకు బిళ్ళ కోయించి దాని మీద ఆ జట్టు చొక్కా రంగులు వేశాను. పక్కన చిన్నగా పేరు. ఎర్ర చారలవాళ్ళు, పసుపు భుజాలవాళ్ళు, నీలం మీద అడ్డంగా ఒకే తెల్ల చార ఉన్నవాళ్ళు. బోర్డుకి కొక్కేలు బిగించి బిళ్ళలు వాటికి వేలాడదీశాను. ప్రతి సోమవారం పొద్దున స్టూలు ఎక్కి ఎవరి చోటు మారితే వాళ్ళ బిళ్ళ తీసి వేరే కొక్కేనికి తగిలించడమే. మళ్ళీ రంగు వేయనక్కర్లేదు.

ఘోష్‌బాబు ఈసారి తనే సైకిల్ ఎక్కాడు. వయసులో పెద్దవాడు, పొద్దుటి షిఫ్టు గుంపులో పడి వస్తుంటే నేను గేటు వదిలి రోడ్డు అంచుకి పరుగెత్తాను. తిరిగి వచ్చి, పైనున్న మూడు జట్లనీ వాటి పాయింట్లనీ చెప్పి, నాకు చేపల కూర పెట్టించాడు.

మిశ్రాజీ గళ్ళు

లీగ్ కార్యదర్శి మిశ్రాజీ బడిలో లెక్కల మాస్టారు. మంచి మనిషి. ఆయనకున్న ఒకే జబ్బు గళ్ళు. ఆడినవి, గెలిచినవి, సమానం, ఓడినవి, వేసిన గోల్స్, తిన్న గోల్స్ ఎలాగూ ఉండాలి. ఆయనకి కార్నర్లు కూడా కావాలి. పెనాల్టీలు కావాలి. వానలో ఆడినవి వేరుగా కావాలి. ప్రతి సీజన్ మొదట్లో ఒక కొత్త గడి పట్టుకొచ్చేవాడు. దాన్ని వద్దనిపించేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చేది.

ఆయనతో వాదించి లాభం లేదని కొన్నాళ్ళకి తెలిసింది. ఆయన అడిగిన గడి చిన్న కాగితం మీద గీసి, గేటు లోపల గోడకి అంటించేవాణ్ణి. కావలసినవాళ్ళు లోపలికి వచ్చి తీరిగ్గా చదువుకుంటారు. మిశ్రాజీ సంతోషించేవాడు. మీలో ఎవరికైనా ఇలాంటి పెద్దమనిషి తగిలితే ఆయన్ని ఓడించాలని చూడకండి. ఆయన గడికి వేరే గోడ చూపించండి.

అలాగని ఆయన మాటలన్నీ కొట్టిపారేయలేదు. పట్టిక కింద రెండు జట్లకి పైన ఎర్రగీత గీయమన్నది ఆయనే. ఆ గీత కింద మిగిలినవాళ్ళు వచ్చే ఏడు రెండో డివిజన్‌కి దిగిపోతారు. పాపం, ఓడేవాళ్ళని నడిబజార్లో నిలబెట్టినట్టు అవుతుందని నేను వద్దన్నాను. నేనే పప్పులో కాలేశాను. గీత గీసినప్పటి నుంచి జనం పై కొక్కేల దగ్గర కంటే కింది కొక్కేల దగ్గరే ఎక్కువసేపు ఆగేవాళ్ళు. పైన గెలిచేవాడు ఎలాగూ గెలుస్తాడు. కింద గీతకి అటో ఇటో ఊగేవాడి కోసమే మనిషి కంగారుపడతాడు.

సున్నా దగ్గర కూడా ఆయనదే పైచేయి. ఒక్క ఆటా గెలవని జట్టుకి గెలుపుల గడి ఖాళీగా వదిలేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఖాళీగా ఉంటే మనం వాళ్ళని మరిచిపోయామని అర్థం, సున్నా వేస్తే వాళ్ళు ఆడారని అర్థం అన్నాడు. అప్పటి నుంచి నేను సున్నాలు చాలా శ్రద్ధగా, గుండ్రంగా వేసేవాణ్ణి.

పైడమ్మ పిన్ని

జంషెడ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళంతా ఒకటేనని బయటివాళ్ళు అనుకుంటారు. మా లోపల లెక్క వేరు. కార్ఖానా తెలుగువాళ్ళు వేరు, రైల్వే తెలుగువాళ్ళు వేరు. మా నాన్న టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చి కార్ఖానాలో తాపీపనికి చేరాడు. మేము సీతారాండేరాలో పెరిగాం. రైల్వేవాళ్ళంతా స్టేషన్ అవతల, పర్సుడీహ్ వైపు ఉండేవాళ్ళు. పెళ్ళిళ్ళకీ చావులకీ కలిసేవాళ్ళం గానీ వాళ్ళ పని సంగతులు మాకు తెలియవు, మావి వాళ్ళకి తెలియవు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

మా అమ్మకి వరసకి చెల్లెలు పైడమ్మ పిన్ని పర్సుడీహ్‌లో ఉండేది. ఆమె భర్త ఇంజను డ్రైవరు, జబ్బుచేసి చిన్నవయసులోనే పోయాడు. ఆమె బజారులో ఇడ్లీ బండి పెట్టుకుని కొడుకు సింహాద్రిని పెంచింది. సింహాద్రి నాకంటే పెద్ద, రైలింజన్లకి బొగ్గు వేసేవాడు, షెడ్‌లో ఫైర్‌మన్, షెడ్ జట్టుకి కెప్టెను. ఆ జట్టంతా లోకో షెడ్ కుర్రాళ్ళే, ఒకరిద్దరు తప్ప అందరూ మనవాళ్ళే. నీలం మీద తెల్ల చార వాళ్ళదే.

పిన్నికి చదువు రాదు. ఆటలో ఎవరు ఎటు కొడతారో కూడా సరిగ్గా తెలియదు. కానీ ప్రతి సోమవారం బిష్టుపూర్ బజారుకి పప్పులు కొనడానికి వచ్చి, నేను స్టూలు మీద ఉండగానే బోర్డు కింద నిలబడేది.

"మావోడి బిళ్ళ ఏ మేకుకుందిరా?"

"కింద నుంచి మూడో దానికుంది పిన్నీ."

"పోయినోరం కూడా అక్కడే ఉంది కదా. ఏటి, ఎక్కడం రాదేటి ఈడికి?"

"ఈ వారం సమానమైపోయింది. గెలిస్తే ఎక్కుతాడు."

"నువ్వు ఒక మేకు పైకి ఎట్టీరాదేట్రా. ఎవులు సూడొచ్చారు."

పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వి, సంచిలోంచి కాగితంలో చుట్టిన గారెలు నాకిచ్చి వెళ్ళిపోయేది. ఆ బోర్డు బాగుందో లేదో తెలుసుకోవడానికి నేను ఆమె మొహమే చూసేవాణ్ణి. ఆమె వెంటనే తల ఎత్తి తనకి కావలసింది పట్టుకుంటే బోర్డు సరిగ్గా ఉన్నట్టు. కళ్ళు చిట్లించి వెతుక్కుంటే నేను ఏదో ఎక్కువ పెట్టినట్టు.

బిళ్ళ తిప్పిన వారం

ఒక సీజన్ చివర షెడ్ జట్టు సరిగ్గా ఎర్రగీత మీద ఊగుతోంది. వాళ్ళకి అది మామూలు ఊగడం కాదు. షెడ్ ఫోర్‌మన్ మొదటి డివిజన్ జట్టుకి మాత్రమే ఆట రోజున మధ్యాహ్నం సెలవు ఇచ్చేవాడు. రెండో డివిజన్‌కి దిగితే ఆ సెలవు పోతుంది. సెలవు పోతే ఒకడు రైలు మీద, ఒకడు డ్యూటీలో, ఇంక పదకొండు మంది ఒకచోట చేరడం కల్ల. జట్టే ఉండదు. మిగిలింది ఒకే ఆట, శనివారం, రోలింగ్ మిల్ జట్టుతో. ఓడకపోతే చాలు, గీతకి పైన ఉంటారు.

సరిగ్గా అప్పుడే వేరే జట్టువాళ్ళు ఒక ఫిర్యాదు పెట్టారు. అంతకు ముందు ఆటలో షెడ్ తరఫున ఆడిన ఒక కుర్రాడి పేరు గడువులోపల నమోదు కాలేదని, ఆ గెలుపు చెల్లదని. శనివారం పొద్దున కమిటీ కూర్చుని తేలుస్తుంది. ఈలోగా బోర్డు మీద ఏం చూపించాలి? ఆ రెండు పాయింట్లు ఉంచితే ఫిర్యాదు చేసినవాళ్ళు ఒప్పుకోరు. తీసేస్తే తీర్పు చెప్పేసినట్టు. మిశ్రాజీ తల పట్టుకున్నాడు.

ఘోష్‌బాబు ఊళ్ళో లేడు, ఆసన్‌సోల్‌లో కూతురి ఇంటికి వెళ్ళాడు. నేనే ఉపాయం చెప్పాను. షెడ్ బిళ్ళని అదే కొక్కేనికి, వెనక్కి తిప్పి పెడదాం. వెనుకవైపు ఉత్త బూడిదరంగు ప్రైమర్ పూత. సంగతి ఇంకా తేలలేదని చూసినవాళ్ళకి తెలుస్తుంది. మిశ్రాజీ నా వీపు తట్టాడు. పట్టికలు చేసేవాళ్ళకి ఇది నిజంగా పెద్ద సమస్యే, తేలని విషయాన్ని ఎలా చూపించాలి అన్నది. దానికి నా జవాబు చాలా శుభ్రంగా ఉందని సోమవారం పొద్దున స్టూలు దిగుతూ మురిసిపోయాను.

పిన్ని ఆ వేళ కూడా వచ్చింది. కొంచెం దూరంలో ఆగింది. బోర్డు వైపు చూసింది. నన్ను ఏమీ అడగలేదు. నేను పలకరించేలోపు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పప్పుల దుకాణానికి కూడా వెళ్ళలేదు. ఏదో తొందర పని ఉందేమోననుకున్నాను.

శనివారం పొద్దున కమిటీ ఫిర్యాదు కొట్టేసింది. మధ్యాహ్నం నేను వెళ్ళి బిళ్ళని మామూలుగా తిప్పాను. నాలుగింటికి ఆట. మిల్ జట్టు వచ్చి బంతి తన్నుకుంటోంది. షెడ్ కుర్రాళ్ళు ఎప్పుడూ డప్పు వాయించుకుంటూ అందరికంటే ముందే దిగుతారు. ఆ వేళ డప్పు లేదు, మనుషులు లేరు.

మిల్ కెప్టెన్ బుధరామ్ నా దగ్గరికి వచ్చాడు. ఆదివాసీ, నల్లగా, ఉక్కు కడ్డీలా ఉంటాడు. మాట చాలా మెత్తన. "మీ తెలుగువాళ్ళేరి భయ్యా?" అన్నాడు.

గేటు దగ్గర వేరుశనక్కాయలు అమ్మేవాడు నా బదులు జవాబు చెప్పాడు. "వాళ్ళని తీసేశారు కదా. వారం నుంచి స్టేషన్ వైపు అంతా అదే మాట."

మిశ్రాజీ కూడా ఆ మాట విన్నాడు. వెంటనే స్కూటరు తీసి, వెనక కూర్చోమన్నాడు. లెక్కల మాస్టారు స్కూటరు నడపడమంటే మలుపు మలుపుకీ చెయ్యి చాపడం, మేక అడ్డమొస్తే దాన్ని పోనిచ్చి మరీ కదలడం. జుగ్సలాయి దాటేసరికి నేను దిగి పరుగెత్తితే బాగుండుననిపించింది.

పర్సుడీహ్ బజారులో పిన్ని బండి దగ్గర జట్టంతా కూర్చుని ఉంది. ఎవరి మొహంలోనూ కోపం లేదు. చావు ఇంటి ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు. సింహాద్రి నన్ను చూసి తల దించుకున్నాడు.

"అన్నా, ఆటకి రాలేదేం?"

"ఏటాడతాం తమ్ముడూ. తిప్పీసారు కదా."

"ఏం తిప్పేశారు?"

"మా బిళ్ళ తిప్పీసారు కదా. నాకు తెలవదనుకున్నావేటి? అమ్మ సూసొచ్చింది. ఫిర్యాదు నెగ్గీసారు, మమ్మల్ని తీసీసారు. కాయితం రాకపోతే మాత్రం ఏటి, బిళ్ళ తిప్పీసేక ఇంకేటి అడుగుతాం?"

నాకు అర్థం కాలేదు. పిన్ని గరిటె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది.

"షెడ్లో డ్రైవర్ల బోర్డుంటాదిరా. ఒక్కో మనిషికి ఒక్కో బిళ్ళ. పేరు రాసి మేకుకి ఏలాడదీత్తారు. మనిషి పోతే ఎంటనే తియ్యరు. గోడకేసి తిప్పుతారు. కర్మ అయిందాక అలగుంచి అప్పుడు తీత్తారు. మీ బాబాయి సామాను తెచ్చుకుందామని నానెల్లిన రోజున సూసేను. అప్పుడికి ఏటో అనుకున్నాను. పక్కోలు సెప్పేరు."

మిశ్రాజీకి తెలుగు రాదు గానీ మా మొహాలు చూసి ఆయన చేతులు జోడించి నిలబడ్డాడు.

"అడగొచ్చు కదా పిన్నీ. నేను అక్కడే ఉన్నాను."

"తిప్పిన బిళ్ళ గురించి షెడ్లో ఎవులూ మాటాడరు బాబూ."

"అది అలా కాదు పిన్నీ. ఇంకా తేలలేదని చెప్పడానికి తిప్పాను. ఇవాళ తేలిపోయింది. ఫిర్యాదు కొట్టేశారు. బిళ్ళ మళ్ళీ ఇటు తిప్పేశాను."

ఆమె నన్ను నమ్మలేనట్టు చూసింది. "ఒకసారి తిప్పిన బిళ్ళ మళ్ళీ తిప్పుతార్రా ఎక్కడైనా?"

"నేను తిప్పాను. వచ్చి చూడు."

సింహాద్రి లేచాడు. కూరగాయలు దింపి వెనక్కి పోతున్న టెంపో ఒకటి బజారులో ఉంది. కుర్రాళ్ళు చొక్కాల కోసం ఇళ్ళకి పరుగెత్తారు. పిన్ని బండి మీద గుడ్డ కప్పి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, అందరికంటే ముందు టెంపో ఎక్కి కూర్చుంది.

బూటు లేసులు

ఆట మొదలయ్యే వేళకి రాని జట్టు కోసం కాసేపు ఆగుతారు. ఆ గడువు దాటితే రెండో జట్టుకి గెలుపు ఇచ్చేస్తారు. మేము బయలుదేరేసరికే గడువు దగ్గరపడి ఉంటుందని మిశ్రాజీ దారి పొడవునా లెక్క కడుతూనే ఉన్నాడు. నాకు ఆశ లేదు.

టెంపో గేటు ముందు ఆగేసరికి మైదానంలో చూసిన దృశ్యం నేను ఈ జన్మకి మరిచిపోను. మిల్ జట్టంతా నేల మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటోంది. పదకొండు మందీ. కట్టినవాడు విప్పుతున్నాడు, విప్పినవాడు మళ్ళీ కడుతున్నాడు. రిఫరీ అవతలి గోల్ వల దగ్గర వంగి, ఒక్కో కన్నం వేలు పెట్టి చూస్తున్నాడు. వల ఎక్కడా చిరగలేదని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. బుధరామ్ మమ్మల్ని చూసి లేచి, బట్టలు దులుపుకుని, "లేసులు కుదిరాయి సార్" అని రిఫరీకి కేక వేశాడు. లేసులు వదిలి వరసలో నిలబడి ఉంటే అతనికి ఆ ఆట ఊరికే వచ్చేది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా, కొత్త లేసులు జారిపోతున్నాయి భయ్యా అనేవాడు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. అతనంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

కుర్రాళ్ళు లోపలికి పరుగెత్తారు. పిన్ని వెళ్ళలేదు. బోర్డు ముందు నిలబడింది. కింది నుంచి మూడో కొక్కేనికి, ఎర్రగీతకి సరిగ్గా పైన, నీలం మీద తెల్ల చార. ఆమె చాలాసేపు చూసింది. చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇటే సూత్తన్నాడు" అంది.

ఆట గురించి ఎక్కువ చెప్పను. మిల్ వాళ్ళు మర్యాదకి ఎదురుచూశారు గానీ మర్యాదకి ఆడలేదు. మొదటి సగంలోనే గోల్ కొట్టారు. బుధరామే కొట్టాడు. రెండో సగం చివర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతి గుంపులో ఎవరి మోకాలికో తగిలి లోపలికి పోయింది. ఆ మోకాలు నాదంటే నాదని షెడ్‌లో ముగ్గురు చాలా ఏళ్ళు కొట్టుకున్నారు. ఒకటికి ఒకటి. వాళ్ళు గీత పైన మిగిలారు.

సోమవారం నేను పాయింట్ల అంకె మారుస్తుంటే పిన్ని వచ్చింది.

"మేకు మారలేదేట్రా?"

"లేదు పిన్నీ. అక్కడే."

"ఉండనీ. ఆ మేకే బాగుంది" అని, ఈసారి గారెల పొట్లం పెద్దది ఇచ్చింది.

నేను మార్చింది

ఘోష్‌బాబు ఆసన్‌సోల్ నుంచి వచ్చాక సంగతంతా చెప్పాను, చేపల కూర అయ్యాకే. ఆయన చివరిదాకా విన్నాడు. తిట్లు పడతాయనుకున్నాను. "సైకిల్ మీద చదువుతారా లేదా అని చూశాం. వాళ్ళు ఏ ఇంటి నుంచి సైకిల్ మీద వస్తున్నారో చూడలేదు" అన్నాడు. చూడలేదు అన్నాడు గానీ నువ్వు చూడలేదు అనలేదు. ఆ పెద్దరికం ఆయనది.

ఆ తర్వాత ఏ బిళ్ళనీ వెనక్కి తిప్పలేదు. తేలని సంగతులకి పసుపు రంగు గుండ్రటి రేకు ఒకటి చేసి పాయింట్ల అంకె మీద తగిలించేవాణ్ణి. జట్టు బిళ్ళ ఎప్పుడూ జనం వైపే ఉంటుంది. ఆ పసుపు రేకు పెట్టే ముందు కార్ఖానా గేటు దగ్గర, స్టేషన్ దగ్గర, ఒడియా బస్తీలో అడిగాను, పసుపు గుండ్రం చూస్తే మీకు ఏమనిపిస్తుందని. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఒకామె లడ్డూ అంది. సరే, లడ్డూతో ప్రమాదం లేదని పెట్టేశాను. మీరు కూడా అడగండి. సిగ్గుపడకండి. ఖాళీ రేకు ఎవరికి ఏం చెబుతుందో దుకాణంలో కూర్చుంటే తెలియదు.

షెడ్ వాళ్ళ బిళ్ళ

కొన్నేళ్ళకి బొగ్గు ఇంజన్లు పోయాయి, షెడ్‌లో ఆ బోర్డూ పోయింది. మైదానం దగ్గర నా బోర్డు తీసేసి వేరేది పెట్టారు. నేను బిళ్ళలన్నీ దించి, తుడిచి, ఏ జట్టుది ఆ జట్టుకి ఇచ్చాను. షెడ్ వాళ్ళది సింహాద్రి పట్టుకుపోయి పర్సుడీహ్‌లో ఇంటి ముందుగదిలో కొక్కెం కొట్టి వేలాడదీశాడు. నేను ఎప్పుడు వెళ్ళినా పిన్ని దాని కిందే చాప వేసుకుని కూర్చుని ఉండేది. ఆ వయసులో కూడా ఇడ్లీ పిండి తనే రుబ్బేది. మేకు మారలేదు కదా అని నన్ను ఆటపట్టించేది.

ఆమె పోయిందని కబురు వస్తే వెళ్ళాను. గదిలోకి అడుగు పెట్టగానే గోడ వైపు చూశాను. బిళ్ళ గోడకేసి తిరిగి ఉంది. నేను ఏమీ అడగలేదు. సింహాద్రి ఏమీ చెప్పలేదు. ఇద్దరం దాని కింద చాలాసేపు కూర్చున్నాం.

కర్మ రోజున భోజనాలయ్యాక సింహాద్రి నన్ను గదిలోకి పిలిచాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం ఇంక బిళ్ళ తీసెయ్యాలి. తియ్యమంటాడేమోననుకున్నాను.

"తమ్ముడూ, తిప్పిన బిళ్ళ మళ్ళీ తిప్పినోడివి నువ్వొక్కడివే. తియ్యడానికి నాకు సెయ్యి రావట్లేదు. నువ్వే తిప్పు" అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చి, స్టూలు ఎక్కి, బిళ్ళని తిప్పి కొక్కేనికి తగిలించాను. నీలం వెలిసింది, తెల్ల చార బాగానే ఉంది. దిగి సింహాద్రి పక్కన నిలబడ్డాను.

"ఇటే సూత్తన్నాది" అన్నాడు.